దువ్వెన దొరికిన రోజు

ఆ పొద్దున నిదానమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసుకి వెళ్ళాలి, సాయంత్రం దాకా ముఖంలో ఏమీ కనిపించకుండా కూర్చోవాలి. మామూలుగా అయితే ఆవిడకి అదొక పనే కాదు. భూకంపం వచ్చినా ఆవిడ ముందు పెన్నుకి మూత పెట్టి, తర్వాత కుర్చీలోంచి లేస్తుందని ఆఫీసులో చెప్పుకుంటారు. నిదానమ్మ అన్నది వాళ్ళు పెట్టిన పేరే. అసలు పేరు ఆవిడ సంతకంలో ఉంది గానీ, ఆ సంతకం ఎవరికీ అర్థం కాదు.

చిక్కంతా మొగుడితో వచ్చింది. ఆయనదీ అదే ఆఫీసు. పైగా ఆవిడ పనిచేసే విభాగానికి ఆయనే పెద్ద. ఆయనకి ఆఫీసు పెట్టిన పేరు దొరికింది గారు.

శని గ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో ఒకదాని దగ్గరికి వీళ్ళ సంస్థ ఒక నౌకని పంపింది. ఆ చందమామ పైనంతా మంచు పెంకు, దాని కింద చీకటి సముద్రం. పెంకు పగుళ్ళలోంచి నీళ్ళు పైకి చిమ్ముతుంటాయి. నౌక ఆ తుంపరలోంచి దూసుకుపోతూ నాలిక చాపి రుచి చూస్తుంది. చూసిన రుచిని గీతలుగా మార్చి భూమికి పంపుతుంది. ప్రాణం లేని చోటి గీతలు చిన్నా పెద్దా కలగాపులగంగా ఉంటాయి. ప్రాణమున్నది మాత్రం తన ఒంట్లో కొవ్వు గొలుసుల్ని రెండేసి లంకెల చొప్పున అతుక్కుంటూ పోతుంది. అందువల్ల గీత ఒకటి పొడుగు, పక్కది పొట్టి, మళ్ళీ ఒకటి పొడుగు వస్తాయి. చూడటానికి పన్ను విడిచి పన్ను ఊడిన దువ్వెనలా ఉంటుంది. కాబట్టి ఆ విభాగంలో అందరూ జీతం తీసుకుని వెతికేది ఒక దువ్వెన కోసం.

దొరికింది గారికి ఆ దువ్వెన ఇప్పటికి రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ ఆయన "దొరికింది!" అని అరుస్తూ వరండా ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తారు. మొదటిసారి దొరికింది నౌకని భూమ్మీద బిగించిన మనిషెవరో చేతులకి రాసుకున్న క్రీము. రెండోసారి ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. డైరెక్టరు గారు పిలిచి, మూడోసారి కూడా సరిచూడకుండా అరిస్తే నౌకని మరిచిపోయి సామాన్ల గది తాళాలు చూసుకోవాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పారు. దొరికింది గారు ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. నిద్రలో కూడా ఆ చందమామ గురించే కలవరించే మనిషిని తీసుకెళ్ళి డబ్బాల మధ్య కూర్చోబెడితే ఏమైపోతారోనని నిదానమ్మకి నిజంగానే భయం పట్టుకుంది.

ఇలాంటి తొందరపాట్లకి ఆ ఆఫీసులో ఒక మందు ఉంది. అప్పుడప్పుడూ అసలు డేటాలో రహస్యంగా ఒక దొంగ దువ్వెన కలుపుతారు. కలిపినవాళ్ళకీ డైరెక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. మిగతావాళ్ళు అది నిజమే అనుకుని పద్ధతి ప్రకారం అన్నీ సరిచూస్తారా, లేక చొక్కాలు చించుకుంటారా అన్నది పరీక్ష. పరీక్ష నడిచినంతసేపూ ఆ ఇద్దరూ చాటుగా మాట్లాడుకోకూడదు. డైరెక్టరు సైగ చేశాక, కలిపిన మనిషే లేచి ఒప్పుకోవాలి. ఈసారి కలిపే పని నిదానమ్మ మీద పడింది. మొగుడి కుర్చీ ఉంటుందో పోతుందో తేల్చే పరీక్షకి ప్రశ్నపత్రం పెళ్ళాం చేతికిచ్చారన్నమాట.

ముందురోజు సాయంత్రం ఆవిడ వంటింట్లో నిలబడి, గొంతు తగ్గించి డైరెక్టరుతో ఫోన్లో మాట్లాడింది. "పెట్టేశాను సార్. పొద్దున డేటా దిగగానే దానంతటదే కలిసిపోతుంది. ఆయనకి అనుమానం రానివ్వను. ఉత్తుత్తి దువ్వెనని చివరిదాకా ఆయనకి తెలియదు. సైగ గుర్తుంది సార్, మీరు కళ్ళజోడు తీయగానే లేచి చెప్తాను."

అత్తగారు పక్క గదిలో పత్రిక చదువుకుంటున్నారు. ఆవిడకి చెవుడని ఇంటిల్లిపాదీ నమ్మకం. కొంత నిజమే గానీ, ఎవరైనా గొంతు తగ్గిస్తే మాత్రం ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది.

పొద్దున దొరికింది గారు చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నారు. "ఇవాళ దిగే డేటా మామూలుది కాదు తెలుసా! పగులుకి ఇంత దగ్గరగా మనవాళ్ళు ఎప్పుడూ వెళ్ళలేదు!"

"ఏమండీ, ఏం కనిపించినా కాస్త నెమ్మదిగా ఉండండి."

"నేనెప్పుడు తొందరపడ్డానే?" అంటూ ఆయన ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి తల్లి చెప్పు వేసుకున్నారు.

"శని దగ్గరికి ఎవడైనా కోరి వెళ్తాడట్రా?" అని అత్తగారు కుర్చీలోంచి అన్నారు. నౌక బయల్దేరిన రోజు నుంచీ ఆవిడ అభిప్రాయం అదే.

నిదానమ్మ కారు బయటికి తీయడానికి కిందికి వెళ్ళింది. దొరికింది గారు చెప్పు మార్చుకుని దిగేసరికి చాలాసేపే పట్టింది. వచ్చి కూర్చున్నాక దారిపొడుగునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీలోంచి చూస్తూ తనలో తాను నవ్వుకుంటున్నారు. తన మాట ఇన్నాళ్ళకి తలకెక్కిందని ఆవిడ సంతోషించింది.

డేటా దిగింది. కొత్తగా చేరిన అమ్మాయి తెర చూసి కుర్చీలోంచి ఎగిరి నిలబడింది. "సార్! దువ్వెన! సార్, దువ్వెన వచ్చింది!"

హాల్లో ఉన్న జనమంతా తెర మీద పడ్డారు. నిదానమ్మ ఒక్కతే తెరకి వీపు పెట్టి, బల్ల మీది మంచినీళ్ళ సీసాని చూస్తూ కూర్చుంది. తిరిగి చూస్తే ముఖంలో దొంగతనం బయటపడుతుందని భయం. అయినా తన చేత్తో గీసిన గీతల్ని తాను కొత్తగా చూడాల్సింది ఏముందనుకుంది. చెవులు మాత్రం మొగుడి గొంతు కోసం రిక్కించింది. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు పరిగెడతారు, ఇక సామాన్ల గదే గతి అనుకుంటూ కళ్ళు మూసుకుంది.

"కూర్చోండి అందరూ" అన్నారు దొరికింది గారు.

అరుపు కోసం దారి వదిలి నిలబడ్డ ఇద్దరు ముగ్గురు మళ్ళీ దగ్గరికి జరిగారు.

"ముందు పరికరాన్ని అనుమానించాలి. తర్వాత మనల్ని అనుమానించుకోవాలి. చందమామ సంగతి ఆ తర్వాత. కాస్త మంచినీళ్ళు ఇలా ఇవ్వండి."

నిదానమ్మ తన సీసానే అందించింది. ఆ క్షణంలో ఆవిడకి మొగుడి మీద పొంగుకొచ్చిన ప్రేమ పెళ్ళినాడు కూడా రాలేదు.

మధ్యాహ్నం దాకా దొరికింది గారు తాపీగా, చిరునవ్వు చెదరకుండా పని చేయించారు. పరికరం శుభ్రంగా ఉంది. చేతుల క్రీము జాడ లేదు. కాగితాన్ని ఆయనే నాలుగు వైపులా తిప్పి చూపించారు. యాంటెన్నా ఇంజనీరు రెండుసార్లు సరిచూసి, రెండోసారి గోడ పట్టుకుని ఏడ్చాడు. పాత డేటా తీస్తే, పగులుకి దూరంగా వెళ్ళినప్పుడు కనిపించనిది దగ్గరికి వెళ్ళిన కొద్దీ లేస్తోంది. ఒక్కో పరీక్ష నెగ్గుతున్న కొద్దీ హాల్లో ఊపిరి బరువెక్కింది.

"అంటే ఆ సముద్రంలో చేపలున్నాయంటారా?" అని లెక్కల విభాగం ఆయన తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"చేపలు కాదండీ! కంటికి కనిపించనంత చిన్నవి. ఎండ ఎలా ఉంటుందో తెలియనివి" అంది కొత్తమ్మాయి. ఆ పిల్లకి నవ్వూ ఏడుపూ కలిసే వస్తున్నాయి. "మనం ఒంటరివాళ్ళం కాదేమో మేడమ్! మీకేమీ అనిపించడం లేదా?"

నిదానమ్మకి గుండె కలుక్కుమంది. ఇంత ఆనందమూ తాను అల్లిన అబద్ధం మీద నిలబడి ఉందే అనిపించింది. నిజమైతే ఎంత బాగుండును! ఆ మంచు కింద, ఆ చీకట్లో, ఒక్కటంటే ఒక్క ప్రాణి మెదిలితే ఎంత బాగుండును! ఇవాళ్టిదాకా ఇంత గట్టిగా ఆవిడ దేన్నీ కోరుకోలేదు. అయినా నోరు కట్టేసుకుని, "చూద్దాం" అని మాత్రం అంది.

డైరెక్టరు గారు మెట్లు దిగి వచ్చారు. "ఖాయమేనా?" అని దొరికింది గారిని అడిగారు.

"అన్నీ చూశాం సార్. తప్పెక్కడా కనిపించలేదు. ఇక మీరే చెప్పాలి" అన్నారు దొరికింది గారు, పరీక్ష బాగా రాసిన పిల్లాడి ముఖంతో.

డైరెక్టరు గారి పెదవులు వణికాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొరికింది గారిని వాటేసుకుని భుజం తడిపేశారు. ఈయనలో ఇంత నటుడున్నాడని ఇన్నేళ్ళూ తెలియనే లేదే అని నిదానమ్మ నోరు తెరిచింది. కళ్ళజోడు తీస్తారేమోనని ఎదురుచూసింది. ఆయన తీయలేదు, నీళ్ళు అద్దాల కిందనుంచే కారనిచ్చారు.

వరండాలో నలుగురి మధ్యా ఆవిడ ఆయనకి అడ్డంపడింది. "సార్, ఇక చాలేమో కదండీ?"

"చాలా? ఇప్పుడే మొదలమ్మా! ఇలాంటి రోజు బతుకులో మళ్ళీ వస్తుందా?" ఆయన ఆవిడ ముఖంలోకి చూసి ఆశ్చర్యపోయారు. "నువ్వు కాస్తయినా చలించడం లేదే! నీ నిబ్బరం నాకుంటే ఎంత బాగుండు!"

"మీ ముందు నేనెంత సార్" అంది నిదానమ్మ మనస్ఫూర్తిగా.

ఆయన పై అధికారులకి ఫోన్ చేశారు. వాళ్ళు వాళ్ళ పై అధికారులకి చేశారు. ఒక గంటలో వీధి చివరి దాకా చానెళ్ళ బళ్ళు బారులు తీరాయి. గేటు కాపలాదారు టోపీ సర్దుకుని, తనకేమీ తెలియదని ముగ్గురికి విడివిడిగా ఇంటర్వ్యూ ఇచ్చాడు. దేశం వాళ్ళూ పక్క దేశాల వాళ్ళూ ఫోన్లు మోగించేస్తున్నారు. పరీక్షని మరీ ఇంత దూరం లాగుతారా అని నిదానమ్మకి చెమటలు పట్టాయి. బహుశా విలేకరుల ముందు కూడా మొగుడు నిలకడగా ఉంటాడో లేదో చూస్తున్నారేమో అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

అంతలో అత్తగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "ఇంటి ముందు కెమెరాలు పెట్టుకుని నిలబడ్డారే! అబ్బాయి శని నుంచి ఎవరినో పట్టుకొచ్చాడట, మేడ మీద దాచారా అని పక్కింటావిడ అడుగుతోంది. వీళ్ళకి నేనేం చెప్పను?"

"మీకు తెలిసింది చెప్పండి అత్తయ్యా" అంది నిదానమ్మ హడావుడిలో. అత్తయ్యకి తెలిసిందేముంటుంది గనుక అనుకుని ఫోన్ పెట్టేసింది.

సమావేశపు హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద డైరెక్టరు గారు, పక్కన దొరికింది గారు, వాళ్ళ వెనక గోడంత తెర మీద దువ్వెన. నిదానమ్మ ముందు వరసలో తల వంచుకుని, చెప్పుల వార్లు చూసుకుంటూ కూర్చుంది. డైరెక్టరు గారు పొంగిపోతూ చెప్పడం మొదలుపెట్టారు. "జీవం ఉందని తేల్చి చెప్పడం లేదు. కానీ ఉండే అవకాశం ఇంత బలంగా కనిపించడం ఇదే మొదటిసారి!" హాలు చప్పట్లతో దద్దరిల్లింది. దొరికింది గారు బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని నవ్వుతున్నారు.

ఒక విలేకరి లేచాడు. చేతిలో ఫోన్ వెలుగుతోంది. "సార్, ఇదంతా అబద్ధమని ఈయన తల్లిగారే అంటున్నారు. ఇప్పుడే టీవీలో వస్తోంది."

అతను ఫోన్ మైకు దగ్గర పెట్టాడు. అత్తగారి గొంతు హాలంతా మోగింది. "మావాడికేం దొరకలేదు బాబూ. అదంతా ఉత్తుత్తి దువ్వెన. మా కోడలే పెట్టింది, నా చెవులారా విన్నాను."

ముందు నవ్వులు, ఆ వెంటనే గోల. డైరెక్టరు గారికి మతిపోయింది. చెమటకి అద్దాలు మసకబారి ఎదురుగా ఎవరున్నారో కనిపించక కళ్ళజోడు తీశారు.

నిదానమ్మ స్ప్రింగులా లేచి నిలబడింది. "నిజమే. ఆ దువ్వెన నేను పెట్టిందే! మావాళ్ళని పరీక్షించడానికి నిన్న సాయంత్రం నేనే కలిపాను. అందరూ క్షమించాలి. మావారు మాత్రం చాలా బాగా..."

మిగతా మాటలు ఎవరికీ వినపడలేదు. విలేకరులు కుర్చీలు తన్నుకుంటూ బయటికి పరుగెత్తారు. కొత్తమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది. ఇదేమిటి, పరీక్ష అయిపోతే అందరూ నవ్వాలి కదా అనుకుంటూ నిదానమ్మ తెర వైపు చేయి చూపించింది. "కావాలంటే చూడండి, అది నేను గీసిందే, పళ్ళన్నీ ఒక్క..."

ఆ రోజుకి ఆవిడ ఆ దువ్వెనని చూడటం అదే మొదలు.

ఆవిడ గీసిన దువ్వెన పళ్ళు కొలిచి కోసినట్టు అన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. తెర మీది దువ్వెనలో ఒక పన్ను సగానికి విరిగి ఉంది. పొడుగు పళ్ళ పక్కన బుల్లి బుల్లి పళ్ళ వరస ఇంకొకటి ఉంది. అలాంటిది ఆవిడ ఊహకే రాలేదు. ఎవరూ కూర్చుని గీయని, ఎవరికీ గీయాలని తట్టని గీతలు అవి.

"సార్," అంది నిదానమ్మ, "ఇది నాది కాదు."

"నీదెలా అవుతుందమ్మా?" డైరెక్టరు గారు వేదిక అంచు పట్టుకుని ఏడుపు గొంతుతో అరిచారు. "నీదాన్ని నిన్ననే తీయించేశాను! నీతో మాట్లాడటం మా ఆవిడ విన్నది. మొగుడూ పెళ్ళాల మధ్య చిచ్చు పెడతావా, సిగ్గులేదా అని తిట్టిపోసింది. సరేనని కంప్యూటర్ గదికి ఫోన్ చేసి తీయించేశాను. పొద్దున టీ దగ్గర నీకు చెబుదామనుకున్నాను. టీ తాగే తీరిక ఎవరిచ్చారు ఇవాళ?"

అంతసేపూ చిరునవ్వు చెదరని దొరికింది గారి ముఖం అప్పుడు మారింది. "ఒక్క నిమిషం. అయితే ఇది ఉత్తిది కాదా?"

"ఉత్తిదని మీకెవరు చెప్పారండీ?" అంది నిదానమ్మ.

"అమ్మ. పొద్దున గుమ్మంలోనే చెప్పింది. అందుకేగా ఇంత నెమ్మదిగా ఉన్నాను!" ఆయన లేచి తెర వైపు తిరిగారు. పొద్దుటినుంచీ వందసార్లు చూసిన గీతల్నే మొదటిసారి చూసినట్టు చూశారు. అరవబోయారు. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. మెల్లగా వేదిక మెట్ల మీద కూలబడి, పెళ్ళాం చెయ్యి పట్టుకున్నారు.

"ఉన్నాయేమోనే" అన్నారు చివరికి, పసివాడిలా. "ఆ నీళ్ళ అడుగున నిజంగానే ఏవో ఉన్నాయేమోనే!"

నిదానమ్మ చెయ్యి విడిపించుకుంది. చెప్పులు అక్కడే వదిలేసి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి, మెట్లు దిగి, గేటు దాటి వీధిలోకి పరిగెత్తింది. "ఆగండి! అది నాది కాదు! ఆగండయ్యా, అది చందమామదే!" ఆఫీసు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. భూకంపానికి కూడా లేవని మనిషి ఉత్త కాళ్ళతో చానెల్ బండి వెంట పడటం కాపలాదారు కళ్ళారా చూశాడు. ఈసారి అతను టోపీ కూడా సర్దుకోలేదు.

చివరి బండిలోని విలేకరి అద్దం సగం దించాడు. "మేడమ్, డైరెక్టరు గారు ఉందన్నారు. మీరు లేదన్నారు. ఇప్పుడు మళ్ళీ మీరే ఉందంటున్నారు. మీలో మీరు తేల్చుకుని ఫోన్ చేయండి, వచ్చి రాసుకుంటాం."

తేల్చుకోవడానికి చేయాల్సింది చాలానే ఉంది. పక్క దేశాల ప్రయోగశాలలు ఆ డేటా తెప్పించుకుని సొంతంగా సరిచూడటం మొదలుపెట్టాయి. నౌక మళ్ళీ ఆ పగులు మీదుగా వెళ్ళే రోజు కోసం అందరూ వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ రోజు ఆఫీసులో ఎంతో సంయమనం చూపిన ఏకైక వ్యక్తి అని దొరికింది గారి కుర్చీ ఆయనకే ఖాయం చేశారు. అందులో కూర్చోవడానికి ఆయన చాలా సిగ్గుపడ్డారు, లేవడానికి మాత్రం ఒప్పుకోలేదు. నిదానమ్మకి కొత్త పేరు వెతుకుతున్నారు.

"నాకు తెలిసింది చెప్పమన్నావు, చెప్పాను. ఇందులో నా తప్పేముందే?" అని ఆ సాయంత్రం అత్తగారు అడిగారు. కొడుకూ కోడలూ అప్పటికే బల్ల ముందు చేరారు. ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ, విరిగిన పన్ను ఎందుకు విరిగిందో, బుల్లి పళ్ళ వరస ఏ ప్రాణిదో బల్ల మీద వేళ్ళతో గీసుకుంటున్నారు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఇద్దరికీ పట్టలేదు.

ఆ చందమామ మీద జీవం ఉన్నదీ లేనిదీ ఇంకా తేలలేదు గానీ, లేదని కెమెరా ముందు ఖచ్చితంగా చెప్పిన అత్తగారిని మాత్రం రెండు చానెళ్ళు అంతరిక్ష నిపుణురాలిగా చర్చలకి పిలుస్తున్నాయి.